ఫోటోలో లేని పోగును జూమ్ చూపించలేదు

వెబ్‌సైట్లలో ఫోటోలను పెద్దవి చేసి చూపే జూమ్ సాధనాల గురించి కొంతకాలంగా పాఠకులు అడుగుతున్న ప్రశ్నలను ఈసారి ఒక్కచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు జవాబు కాస్త పొడవైనది. మిగిలినవాటిలో చాలాభాగం దాని మీదే ఆధారపడి ఉన్నందున ముందుగా దాన్ని చదవమని మనవి.

ప్రశ్న: మేము ఇక్కత్ పట్టుచీరలను మా సొంత వెబ్‌సైటులో అమ్ముతున్నాము. సైటును వర్డ్‌ప్రెస్ (సైట్లు కట్టే సాఫ్ట్‌వేరు), వూకామర్స్ (దానికి దుకాణం సౌకర్యం కలిపేది)లతో కట్టించాము. మంచి ఫోనుతో తీసిన పెద్ద ఫోటోలనే ఎక్కిస్తున్నా, కొంగు మీద జూమ్ చేస్తే అంతా మసకగా కనబడుతోంది. ‘ఇది నేత చీరేనా, ప్రింటా?’ అని అడిగేవారికి చివరకు వాట్సాప్‌లో విడిగా ఫోటోలు పంపవలసి వస్తోంది. జూమ్ ప్లగిన్ (సైటుకు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేరు) మార్చాలని మా అబ్బాయి అంటున్నాడు. డబ్బు పెట్టి కొత్తది కొనమంటారా?
— చేనేత దుకాణం నడిపే పాఠకురాలు, భూదాన్ పోచంపల్లి

జవాబు: ఇప్పుడే కొనవద్దండీ. ముందు ఒకటి పరీక్షించండి. 2019 నవంబరులో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఒక పని మనకు చెప్పకుండానే చేస్తోంది. పొడవులో గాని వెడల్పులో గాని 2,560 పిక్సెళ్లు (ఫోటో అంతా కూడి ఉండే చిన్న రంగు చుక్కలు) దాటిన ఫోటోను ఎక్కించగానే దాన్ని ఆ కొలతకు కుదించి, ఫైలు పేరు చివర ‘స్కేల్డ్’ అన్న మాట తగిలించి, అప్పటి నుంచి ఆ కుదించినదాన్నే పూర్తి సైజు ఫోటోగా లెక్కిస్తుంది. మీరు ఎక్కించిన అసలు ఫైలు సర్వరులో ఆ పక్కనే పడి ఉంటుంది గాని సైటు దాన్ని వాడుకోదు. వూకామర్స్ జూమ్ కూడా కుదించిన ఫోటోనే తెరుస్తుంది. మీడియా లైబ్రరీలో ఒక చీర ఫోటోను తెరిచి ఫైలు పేరు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అసలు ఫోటోకు లింకు కూడా అక్కడే ఉంటుంది. ఈ హద్దును పెంచడం గాని ఎత్తివేయడం గాని మీ సైటు కట్టినవారికి ఒకటి రెండు లైన్ల కోడుతో అయ్యే పని.

అయితే హద్దు ఎత్తివేసినంత మాత్రాన మీ కొనుగోలుదారు అడుగుతున్నది కనబడుతుందా అంటే, కనబడదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీ ఫోను 4,000 × 3,000 పిక్సెళ్ల ఫోటో తీస్తుందనుకుందాం. మీటరు పొడవున్న కొంగును, అంటే సుమారు 39 అంగుళాలను, ఆ 4,000 పిక్సెళ్లలో పట్టిస్తే అంగుళానికి వంద పిక్సెళ్లకు కాస్త ఎక్కువ దక్కుతాయి. నేతలో అంగుళానికి 80 పోగులు ఉన్నాయనుకుంటే ఒక్కో పోగు వాటాకు ఒకటింబావు పిక్సెల్ వస్తుంది. వర్డ్‌ప్రెస్ దాన్ని 2,560కి కుదించిన తరువాత అదీ తగ్గి, పోగుకు ఒక పిక్సెల్ కూడా మిగలదు. పోగును పోగుగా గుర్తుపట్టాలంటే కనీసం రెండు పిక్సెళ్లు, కంటికి ఇంపుగా కనిపించాలంటే నాలుగైదు కావాలి. అవి లేని ఫోటోను ఎంత ఖరీదైన ప్లగిన్ అయినా సాగదీసి మసకగా చూపడం తప్ప ఏమీ చేయలేదు.

ఇదే లెక్కలో పరిష్కారం కూడా ఉంది. కొంగు మొత్తాన్ని ఒకే ఫోటోలో ఇరికించడంతో ఆగకుండా, ఆరు అంగుళాల మేర ఒక్క భాగాన్ని నిండుగా మరో ఫోటో తీయండి. అప్పుడు అంగుళానికి 660 పిక్సెళ్లకు పైగా, పోగుకు ఎనిమిది దాకా వస్తాయి. వర్డ్‌ప్రెస్ కుదించిన తరువాత కూడా పోగుకు ఐదు మిగులుతాయి, అంటే హద్దును ముట్టుకోవలసిన అవసరమే రాదు. చీర మొత్తం చూపే ఫోటో ఒకటి, కొంగు ఒకటి, దగ్గరగా తీసిన ముక్కలు మూడు, నాలుగు ఉంటే మీ పాత ప్లగినే సరిపోతుంది.

ఏ ముక్కలను తీయాలన్నది ప్లగిన్ ఎంపిక కంటే ముఖ్యమని నా అభిప్రాయం. నాకు కంప్యూటర్లు తెలిసినంతగా మగ్గం తెలియదు గాని, చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టి, రంగులద్దిన దారాన్ని నేసినప్పుడు బొమ్మ అంచు కత్తిరించినట్లు రాదనీ, రంగు పోగు వెంబడి సన్నగా ఈకలా చెదిరి ముగుస్తుందనీ మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రింటులో రంగు వస్త్రం మీద పడుతుంది కనుక అంచు పదునుగా ఉంటుంది, వెనక వైపు వెలిసినట్లు కనబడుతుంది. ఇక్కత్‌లో దారానికే రంగు పట్టి ఉంటుంది కనుక రెండు వైపులా ఒకే నిండుదనం ఉంటుంది. చిక్కేమిటంటే, పిక్సెళ్లు చాలని ఫోటోలో ఇక్కత్ అంచులోని ఆ సహజమైన చెదురు కూడా సాధారణ మసకలాగే కనబడుతుంది. చీర గొప్పతనం కొనేవారి కంటికి ఫోటో లోపంగా తోస్తోంది. అందుచేత రెండు రంగులు కలిసే అంచు దగ్గర ఒక ఫోటో, చీరను తిరగేసి అదే చోట మరో ఫోటో తీసి, రెండూ పక్కపక్కనే పెట్టండి. పక్కన ఒక రూపాయి బిళ్ళ ఉంచితే బొమ్మ ఎంత చిన్నదో కూడా తెలుస్తుంది.

ఫోటో తీసేటప్పుడు ఫోనులోని డిజిటల్ జూమ్ వాడకుండా ఫోనునే దగ్గరకు తీసుకువెళ్లండి. వెలుతురు నెత్తిమీద నుంచి కాక పక్క నుంచి ఏటవాలుగా పడితే పోగులు విడివిడిగా తేలి కనిపిస్తాయి. సన్నని నేతను దూరం నుంచి తీసినప్పుడు చీరలో లేని అలల చారలు ఫోటోలో కనబడడం మీరు గమనించే ఉంటారు. పోగుల వరుసా పిక్సెళ్ల వరుసా ఒకదానికొకటి దగ్గరగా వచ్చి పొసగనప్పుడు అవి పుడతాయి. దగ్గరకు జరిగితే చాలావరకు పోతాయి. ఇంకొక చిన్న సంగతి: మామూలు జేపెగ్ ఫైళ్లు వెలుగునీడలను పూర్తి వివరంతోనూ, రంగును మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతోనూ దాచుకుంటాయి. ఎర్ర పోగు పక్కన నీలం పోగు ఉన్నచోట రంగులు ఒకదానిలోకి ఒకటి కారినట్లు కనబడేది ఇందువల్లనే. వాట్సాప్‌లో ఫోటో పంపవలసి వస్తే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, కుదింపు ఉండదు.

ప్రశ్న: కృత్రిమ మేధతో చిన్న ఫోటోను నాలుగు రెట్లు పెద్దది చేసే సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. జూమ్ కోసం వాటితో పెంచిన ఫోటోలను పెట్టవచ్చునా?
— పాఠకుడు, చీరాల

జవాబు: పెళ్లి ఫోటోకో పండుగ బ్యానరుకో అయితే మీ ఇష్టం. అమ్మకానికి పెట్టిన వస్తువుకు మాత్రం వద్దు. ఆ సాధనం మీ చీరను చూడలేదు. అంతకుముందు లక్షల ఫోటోలలో చూసిన నేతల్లో దీనికి దగ్గరగా తోచినదాన్ని ఊహించి, లేని పోగులను గీసి పెడుతుంది. ఫలితం చాలా నమ్మకంగా కనబడుతుంది, ప్రమాదమంతా అక్కడే ఉంది. కొనేవారు జూమ్ చేసేదే అసలు సంగతి తెలుసుకోవడానికి కదా. అక్కడ చూసిన బుటా అంచు చేతికి వచ్చిన చీరలో లేకపోతే, తిరిగి పంపేటప్పుడు వారు అడిగే ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

ప్రశ్న: నేను వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాను. ఫోటో మీదికి మౌస్ తీసుకువెళితే భూతద్దంలా పక్కన పెద్దగా చూపే జూమ్‌ను ఒక నగల దుకాణం సైటుకు అమర్చాను. కంప్యూటరులో బాగుంది, ఫోనులో పనిచేయడం లేదు, పైగా వేలితో పేజీని జరపబోతే ఫోటో దగ్గర ఇరుక్కుపోతోంది. ఏమి వాడాలి?
— విద్యార్థిని, విజయవాడ

జవాబు: మౌస్ ఉన్నచోట భూతద్దం, వేలు ఉన్నచోట నిండు తెర అని రెండు ఏర్పాట్లు పెట్టుకోవడమే మేలు. వేలికి ‘పైన ఊరికే నిలపడం’ అనే స్థితి లేదు, ముట్టుకోవడమో ముట్టుకోకపోవడమో ఉంటుంది. పైగా ముట్టుకున్న వేలు చూడవలసిన నగనే కప్పేస్తుంది. పరికరానికి మౌస్ లాంటిది ఉందో లేదో సీఎస్ఎస్ (పేజీ రూపురేఖలను చెప్పే భాష)లోని ‘హోవర్’ మీడియా క్వెరీ అనే షరతుతో తెలుసుకోవచ్చు. ఉంటే డ్రిఫ్ట్ వంటి భూతద్దపు లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడు), లేకపోతే ఫోటోను నొక్కగానే నిండు తెరలో తెరిచి రెండు వేళ్లతో సాగదీయనిచ్చే ఫోటోస్వైప్ వంటి లైబ్రరీ వాడండి. వూకామర్స్ తన 3.0 వెర్షన్ నుంచి, అంటే 2017 నుంచి, పేజీలోని ఫోటోకు ఒక జూమ్, నిండు తెరకు ఫోటోస్వైప్ అన్న ఇలాంటి జోడీనే తనతోపాటు ఇస్తోంది.

పేజీ ఇరుక్కుపోవడానికి కారణం దాదాపు ఖాయంగా వేలి కదలికలన్నిటినీ మీ కోడు తన గుప్పిట్లో పెట్టుకోవడమే. పేజీలో ఉన్న చిన్న ఫోటోకు ‘టచ్-యాక్షన్’ అనే సీఎస్ఎస్ గుణంలో నిలువు కదలికను బ్రౌజరుకే వదిలిపెట్టి, నిండు తెరలో తెరుచుకున్న తరువాత మాత్రమే అన్ని కదలికలనూ మీరు తీసుకోండి.

భూతద్దం ఎలా పనిచేస్తుందో ఒకసారి లెక్క వేసుకుంటే కొలతల తికమక కూడా పోతుంది. పేజీలో కనిపించే ఫోటో వెడల్పు 500 పిక్సెళ్లు, పెద్ద ఫోటో వెడల్పు 2,000 అయితే జూమ్ నాలుగు రెట్లు. పక్కన తెరిచిన 400 పిక్సెళ్ల కిటికీలో చిన్న ఫోటోలోని 100 పిక్సెళ్ల భాగమే కనబడుతుంది, మౌస్ ఒక పిక్సెల్ కదిలితే కిటికీలో బొమ్మ నాలుగు కదులుతుంది. ఎనిమిది రెట్లు పెట్టి చూడండి, చేయి వణికినప్పుడల్లా నగ కిటికీ దాటి పారిపోతుంది. మూడు, నాలుగు రెట్లే చాలు. ఫోనులో మరో మెలిక ఉంది. 400 సీఎస్ఎస్ పిక్సెళ్ల వెడల్పు అని చెప్పుకునే తెరలో నిజానికి 1,200 చుక్కలు ఉండవచ్చు, కనుక రెండు రెట్ల జూమ్ నిగనిగలాడాలంటే 2,400 పిక్సెళ్ల ఫోటో కావాలి. ఆ పెద్ద ఫోటోను పేజీతోపాటే దింపవద్దు. వాడుకరి నొక్కినప్పుడు, లేదా మౌస్ ఫోటో మీదికి వచ్చినప్పుడు దింపితే చాలు. పది నగలున్న పేజీలో పది పెద్ద ఫోటోలు ముందే దిగితే, మొదటి నగ కనబడేలోపే కొనేవారు వెళ్లిపోతారు.

ప్రశ్న: మా కుటుంబంలో పెద్దలు చేసిన కలంకారీ తెర ఒకటి ఉంది, సుమారు మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల ఎత్తు. ముక్కలుగా ఫోటోలు తీయించి అతికిస్తే 30,000 × 18,000 పిక్సెళ్ల ఫైలు వచ్చింది. బొమ్మల కింది పట్టీలలోని తెలుగు అక్షరాలు కూడా చదవగలిగేలా దీన్ని సైటులో పెట్టాలని కోరిక. బ్రౌజరులో తెరిస్తే కంప్యూటరు స్తంభించిపోతోంది.
— పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: స్తంభించక ఏం చేస్తుంది! జేపెగ్ ఫైలు డిస్కు మీద ఎంత చిన్నగా ఉన్నా, తెర మీద చూపడానికి విప్పినప్పుడు ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు పడతాయి. మీ కలంకారీ ఫోటోలో 54 కోట్ల పిక్సెళ్లు ఉన్నాయి కనుక ఆ ఒక్క బొమ్మకే 2.16 గిగాబైట్ల మెమరీ కావాలి. ఇంత ఫోటోను ఒకే ఫైలుగా చూపే జూమ్ సాధనం ఏదీ మీకు పనికిరాదు.

మీకు కావలసింది పలకల పద్ధతి. ఇంటర్నెట్‌లో మ్యాపులు చూసేటప్పుడు జరిగేది ఇదే. పూర్తి సైజు బొమ్మను చిన్న చదరపు పలకలుగా కోస్తారు, తరువాత బొమ్మను సగానికి కుదించి మళ్లీ కోస్తారు, అలా ఒక్క పలక మిగిలేదాకా, ఆపైన కూడా, మెట్లు మెట్లుగా పిరమిడ్ కడతారు. చూసేవారు ఏ మెట్టులో ఏ మూలను చూస్తున్నారో ఆ పలకలు మాత్రమే సర్వరు నుంచి దిగుతాయి. ప్రతి మెట్టులోనూ పిక్సెళ్లు కింది మెట్టులో నాలుగో వంతే కనుక పై మెట్లన్నీ కలిపినా అసలు బొమ్మలో మూడో వంతుకు మించవు.

కోయడానికి లిబ్‌విప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. అందులోని ‘డీజెడ్‌సేవ్’ ఆదేశం బొమ్మ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి ఎక్కించకుండా పని చేస్తుంది కనుక మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. చూపడానికి ఓపెన్‌సీడ్రాగన్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడండి. ఇదీ ఉచితమే. సీడ్రాగన్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఈ ఆలోచనను 2006లో మైక్రోసాఫ్ట్ కొనుక్కొంది, డీప్ జూమ్ అనే ఫైలు పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2022 జనవరిలో రెంబ్రాంట్ చిత్రం ‘నైట్ వాచ్’ను 8,439 ఫోటోలతో అతికి, 717 గిగాపిక్సెళ్ల బొమ్మగా ఇంటర్నెట్‌లో అందరికీ చూపగలిగిందంటే, అంత పెద్ద బొమ్మ ఎవరి ఫోనులోకీ పూర్తిగా దిగనవసరం లేకపోవడం వల్లనే. అందులో ఒక్కో పిక్సెల్ చిత్రం మీద ఐదు మైక్రోమీటర్ల మేర. మీ కలంకారీ ఫోటోలో మిల్లీమీటరుకు పది పిక్సెళ్లు ఉన్నాయి. పట్టీలోని అక్షరాలకే కాదు, నల్లగీత గుడ్డలోకి ఇంకి కాస్త విచ్చుకున్న చోటు కనబడడానికి కూడా అది చాలు.

పలక కొలత దగ్గర ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే నేను స్వయంగా దెబ్బతిన్నాను. మీ బొమ్మను 256 పిక్సెళ్ల పలకలుగా కోస్తే 11 వేలకు పైగా ఫైళ్లు తయారవుతాయి. చవక హోస్టింగులలో, అంటే సైటును ఉంచడానికి అద్దెకిచ్చే సర్వర్లలో, జాగా మిగిలి ఉన్నా ఫైళ్ల సంఖ్యకు వేరే పరిమితి ఉంటుంది. ఒకప్పుడు అలాంటి ఒక హోస్టింగులో మూడు పెద్ద పటాలను పెట్టి, మర్నాటి నుంచి సైటుకు ఈమెయిళ్లు ఎందుకు రావడం లేదో తెలియక రెండు రోజులు తిప్పలు పడ్డాను. పలకలు కోటా మొత్తం తినేశాయి, ఉత్తరం ఒక్కటి వచ్చినా దానికి కొత్త ఫైలు పెట్టే చోటు లేదు. 512 పిక్సెళ్ల పలకలు చేయండి, సంఖ్య 2,800 దగ్గరకు దిగుతుంది, తెర నిండడానికి కావలసిన పలకలు కూడా తగ్గుతాయి. ఎక్కించేటప్పుడు ఫైళ్లను ఒక్కొక్కటిగా కాక జిప్‌గా పంపి అక్కడ విప్పుకోండి.

కలంకారీలోని ఫలానా పట్టీకి నేరుగా లింకు ఇవ్వాలని మీకు తప్పక అనిపిస్తుంది. ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలు, మ్యూజియంలు చాలావరకు ఇందుకోసం ట్రిపుల్-ఐ-ఎఫ్ అనే ఉమ్మడి పద్ధతిని పాటిస్తున్నాయి. అందులో చిత్రం చిరునామాలోనే ఎడమ నుంచి ఎన్నో పిక్సెల్, పై నుంచి ఎన్నో పిక్సెల్, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అని నాలుగు అంకెలు రాస్తే ఆ ముక్క మాత్రమే వస్తుంది. ఓపెన్‌సీడ్రాగన్‌కు ఇదీ అర్థమవుతుంది. కాకపోతే దానికి సర్వరులో తగిన ఏర్పాటు కావాలి కనుక ఇప్పటికి డీప్ జూమ్‌తో మొదలుపెట్టండి.

ప్రశ్న: బొమ్మను పలకలుగా కోసి పెడితే మా డిజైన్లను ఎవరూ కాజేయలేరని ఒకరు చెప్పారు. నిజమేనా?
— మాస్టర్ వీవర్, పుట్టపాక

జవాబు: నిజం కాదు. పలకలను వరుసగా దింపి తిరిగి అతికించే ఉచిత సాధనాలు ఉన్నాయి. కుడి క్లిక్‌ను ఆపడం వల్ల కూడా స్క్రీన్‌షాట్ తీయడం రాని అమాయకులు మాత్రమే ఆగుతారు. కొంగు మీద అడ్డంగా దుకాణం పేరు ముద్రిస్తే దొంగకు కలిగే ఇబ్బంది కన్నా కొనేవారికి కలిగే ఇబ్బందే ఎక్కువ. నేను చేసేదైతే, అమ్మకానికి ఉన్న చీరల ముక్కలను దగ్గరగా చూపి, ఇంకా మార్కెట్లోకి రాని డిజైన్ల గ్రాఫులనూ పూర్తి కొంగుల పెద్ద ఫోటోలనూ అసలు సైటులోనే పెట్టను. ఆరు అంగుళాల ముక్క నేత నాణ్యతను చెబుతుంది గాని మొత్తం డిజైను లెక్కను చేతికి ఇవ్వదు.

ప్రశ్న: నాకు డెబ్బై ఏళ్లు దాటాయి, చూపు మందగించింది. కొన్ని సైట్లలో రెండు వేళ్లతో ఎంత సాగదీసినా అక్షరాలు గాని బొమ్మలు గాని పెద్దవి కావడం లేదు. ఇది నా ఫోను లోపమా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఫోనుది ఏ తప్పూ లేదండీ. ఆ సైట్లను కట్టినవారు పేజీ మొదట్లో, వాడుకరి పేజీని పెద్దది చేయకూడదు అనే అర్థం వచ్చే ఒక మాట రాసి పెట్టారు. తమ డిజైను చెదరకూడదని అలా చేస్తారు. ఆపిల్ ఫోన్లలో 2016లో వచ్చిన ఐఓఎస్ 10 నుంచి సఫారీ ఆ మాటను లెక్కచేయడం మానేసింది. మీది ఆండ్రాయిడ్ ఫోను అయితే క్రోమ్‌లో కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీని తెరిస్తే, సైటు వద్దన్నా జూమ్‌ను అనుమతించే ఎంపిక ఒకటి ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. అప్పటికీ లొంగని యాప్‌లు ఉంటే ఫోను సొంత సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో మ్యాగ్నిఫికేషన్ అనే సౌకర్యం ఉంది, అది తెర మీద ఏది ఉన్నా పెద్దది చేస్తుంది. కంప్యూటరులో అయితే కంట్రోల్ మీటను నొక్కి పట్టి ప్లస్ నొక్కితే చాలు.

మీ ఉత్తరాన్ని సైట్లు కట్టేవారు కూడా చదువుతారన్న ఆశతో వారికీ రెండు మాటలు చెబుతాను. అందరికీ అందుబాటులో ఉండే వెబ్ కోసం రూపొందిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు, రెండు వేళ్లతో చేసే పని ఏదైనా ఒక్క వేలితో కూడా చేయగలిగేలా ఉండాలని 2018లోనే చెప్పాయి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 వెర్షన్, వేలితో ఈడ్చి జరిపే పనులకు కూడా ఈడ్వనవసరం లేని మరో దారి ఉండాలని చేర్చింది. చేతులు వణికేవారికి రెండు వేళ్లను సరిగా దూరం జరపడం ఎంత కష్టమో ఇంట్లో పెద్దవారిని ఒకసారి గమనిస్తే తెలుస్తుంది. జూమ్ పెట్టిన ప్రతి ఫోటో మూలన వేలు ఆనేంత పెద్ద ప్లస్, మైనస్ బొత్తాలు, నాలుగు దిక్కులకు బాణాలు, మొదటి సైజుకు తీసుకువచ్చే బొత్తం ఒకటి ఉంచండి, కీబోర్డు మీటలతో కూడా అవి పనిచేయాలి. ఓపెన్‌సీడ్రాగన్‌లో ప్లస్, మైనస్ బొత్తాలు వాటంతటవే వస్తాయి. చాలామంది అందం కోసం వాటిని దాచేస్తారు. మాస్టారు గారి కోసమైనా వాటిని దాచకండి.